నోటి వాసన, నా ముక్కు

నా ముక్కు మీద నాకు చాలా నమ్మకం ఉండేది. కాశీబుగ్గలో ముప్పై ఏళ్ళకు పైగా పళ్ళ డాక్టరుగా పని చేశాను. పేషెంటు కుర్చీలో కూర్చుని "ఆ" అనగానే లోపలి సంగతంతా నా ముక్కు పసిగట్టేస్తుందని, పరీక్షలూ ఎక్స్‌రేలూ అలాంటి ముక్కు లేనివాళ్ళ కోసమనీ అనుకునేవాణ్ణి. మనిషి గుమ్మం దాటుతుండగానే ఇది చిగుళ్ళది, ఇది షుగరుది, ఇది టాన్సిళ్ళది అని మనసులో పందెం కాసుకుని, గెలిచిన పందేలు మాత్రమే గుర్తుపెట్టుకునేవాణ్ణి.

అంతటి ముక్కుకీ ఒక్క నోరు మాత్రం చిక్కలేదు. అది నాదే. పేషెంట్లు వరసగా ఉంటే మంచినీళ్ళు తాగకుండా టీల మీద నెట్టుకొచ్చే అలవాటు నాకుంది. మధ్యాహ్నమయ్యేసరికి నా అసిస్టెంటు కృష్ణవేణి టేబుల్ మీద రెండు ఏలకులు పెట్టేది. పెద్దవాణ్ణని గౌరవం కాబోలనుకుని ఏళ్ళ తరబడి ఆనందంగా నమిలాను. ఒకరోజు ఆవిడ సెలవు పెట్టింది. ఆ రోజు కుర్చీలో కూర్చున్నది ఎండుచేపలు అమ్ముకునే ఒక ముసలమ్మ. నేను వంగేసరికి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ముందు నీది సూపించుకో బాబూ, నాది తరవాత సూద్దువు గాని" అంది.

పొద్దస్తమానం ఎండుచేపల మధ్య కూర్చునే మనిషి కొంగు అడ్డం పెట్టుకుందంటే నా పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి. ఏలకుల సంగతి కూడా అప్పుడే తెలిసింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెప్పాలనుకున్న మొదటి మాట ఇదే. ఎవరి నోటి వాసన వాళ్ళకు తెలియదు. రోజంతా పీల్చే గాలిని ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే వాసన ఉన్నవాళ్ళు తమంతట తాము రారు, ఎవరో ఒకరు తీసుకొస్తారు. చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు దించుకుని, ఒంటరిగా వచ్చేవాళ్ళలో చాలామందికి ఏమీ ఉండదు. వాళ్ళకు కావలసింది మందు కాదు, "లేదమ్మా" అని నిజం చెప్పే ఇంకో ముక్కు.

కడుపు మీద నింద

చదువు ముగించిన కొత్తలో టెక్కలిలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర కొన్నేళ్ళు చేశాను. మాటల్లో పొదుపరి, తిట్లలో మాత్రం ధారాళం. నోటి వాసన అని ఎవరొచ్చినా నేను గ్యాసు మాత్రలు రాసేవాణ్ణి. వాసన కడుపులోంచి వస్తుందని ఊరంతా అనుకుంటుంది, నేనూ ఊళ్ళోవాణ్ణే కదా. ఒకరోజు ఆయన నా చీటీ చూశారు.

"కడుపుకీ నోటికీ మధ్య తలుపుందయ్యా. మింగినప్పుడూ తేన్చినప్పుడూ తప్ప అది తెరుచుకోదు. దొంగ నట్టింట్లో కూర్చుంటే నువ్వు పెరట్లో వెతుకుతున్నావు" అన్నారు.

ఆ పేషెంటు నాలుకను గాజుగుడ్డతో పట్టుకుని ముందుకు లాగి, వెనకభాగం నాకు చూపించారు. అక్కడ పాచి మీగడలా కట్టి ఉంది. అప్పటిదాకా పళ్ళు చూసేందుకు అడ్డం వచ్చే వస్తువుగానే నాలుకను లెక్కేశాను, దాన్ని కూడా చూడాలని తోచలేదు.

వాసన చాలామందిలో నోట్లోనే పుడుతుంది. నాలుక వెనక పాచి, చిగుళ్ళ కింద గార, పిప్పిపళ్ళు, రాత్రి కూడా తియ్యకుండా ఉంచుకునే కట్టుడుపళ్ళు, ఎండిపోయిన నోరు. ఉమ్మి అంటే నోటిని రోజంతా కడిగే పనిమనిషి అనుకోండి. ఆవిడ రాని రోజు వంటిల్లు ఎలా ఉంటుందో ఎండిన నోరు అలా ఉంటుంది. టాన్సిళ్ళు, సైనస్, అదుపు తప్పిన షుగరు, ముదిరిన కిడ్నీ, లివరు జబ్బులు కూడా కారణం కావచ్చు. కాని ముందు నోరంతా వెతికాకే బయటికి వెళ్ళాలి. లవంగాలు, ఏలకులు, రంగునీళ్ళతో పుక్కిలింతలు ఊడవని ఇంట్లో అగరొత్తి వెలిగించినట్టే. నాకు తెలుసు, నేను చాలా అగరొత్తులు నమిలినవాణ్ణి.

ఆ పెద్దాయన ఇంకో మాట కూడా అనేవారు. "ముందు నీ నోరు మూసుకో, తరవాత వాళ్ళ నోరు తెరిపించు." శుభ్రత గురించి కాబోలనుకుని ఆ రోజే మాస్కు కట్టుకున్నాను. ఆయన చెప్పింది మాస్కు గురించి కాదని దానేసు వచ్చేదాకా నాకు తెలిసిరాలేదు.

దానేసు

దానేసుది ఉద్దానం తీరంలో ఒక పల్లె. సముద్రం మీద బతికే కుటుంబం. ఏటా వానల్లో పలాసలో రైలెక్కి గుజరాత్ వెళ్ళి, అక్కడి బోట్ల మీద నెలల తరబడి వేట చేసి వచ్చేవాడు. ఆ జట్టు కట్టేదీ, బోటు నడిపేదీ భావనపాడులో ఉండే అప్పలస్వామి. అతను దానేసు భార్య గున్నమ్మకు సొంత అన్న, అంటే దానేసుకు బావ.

ఆ ఏడు జట్టు కడుతూ బావ ఒక మెలిక పెట్టాడు. "నీ నోరు కంపు కొడతంది. నీ పక్కన పడుకోనేమని కుర్రోళ్ళు గోల సేత్తన్నారు. డాట్రుకి సూపించుకుని రా, నేకపోతే ఇంటికాడే ఉండు" అన్నాడట. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ మాట పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

నేను దగ్గరికి వంగాను. ఏ ఊరన్నాను. చెప్పాడు. ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా అన్నాను.

"మా అయ్య కిడ్నీలతోటే పోనాడు బాబూ" అన్నాడు.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు తాకని వీధి వెతికితే గాని దొరకదు. కారణం ఇదీ అని తేల్చి చెప్పినవాళ్ళు లేరు. జనం మాత్రం నీళ్ళనే అనుమానిస్తారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళ నోటికి ఒక ఘాటు ఉంటుంది, నిజమే. కాని ఆ రోజు నా ముక్కు పీల్చింది వాసనను కాదు, ఊరి పేరును.

"ఇది కిడ్నీ వాసనలా ఉందే!" అన్నాను పైకే. నాకూ బయట బెంచీకీ మధ్య ఉన్నది ఒక తెర. బెంచీ మీద ఆ పల్లెవాళ్ళే ఇద్దరు కూర్చుని ఉన్నారు. నాలుక చాపమని కూడా అడక్కుండా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని పంపేశాను.

పరీక్ష చేయించమనడం తప్పు కాదు. మా వైపు మనిషికి ఆ పరీక్ష ఎప్పుడైనా మంచిదే. నోట్లో సరిగ్గా చూడకపోవడం, నా నోరు సరిగ్గా మూసుకోకపోవడం తప్పు. దానేసు ఇల్లు చేరేలోపే నా మాట ఊరు చేరింది. పరీక్షలో కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని వచ్చింది. కాని మాట ముందు వెళ్ళిపోయింది, కాగితం దాని వెనక నడుచుకుంటూ వెళ్ళింది.

కొన్నాళ్ళకు గున్నమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"కాయితంలో ఏటీ నేదని ఉంది. నువ్వు నోటితోటి ఉందన్నావు. మా ఊరోళ్ళు కాయితం సదవనేరు బాబూ, నీ మాటైతే ఇనగల్రు. మాయన బదులు ఇంకొకడ్ని రైలెక్కించేత్తానంతన్నాడు మా అన్న. నడి సముద్రంలో ఈనకేటన్నా అయితే ఎవులు సూత్తారని అడుగుతన్నాడు. బోటెక్కకపోతే ఈ ఏడు మాం తినేదేటి?"

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

"నీదే. ఒప్పుకుంటే రైలెక్కించేత్తారేటి?"

దానేసు ఆమె చెయ్యి పట్టుకుని ఊరుకోమన్నాడు. "ఒల్లకోయే. డాట్రు బాబుతోటా?"

"ఒల్లకుంటే నువ్వూ ఒల్లకే కూకుంతావు, ఇంటికాడ."

క్యాను నీళ్ళు

ఈసారి మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. నాలుక వెనక దట్టంగా పాచి. కింది పళ్ళ లోపలివైపు నల్లటి గార. చిగుళ్ళు ముట్టుకుంటే రక్తం. అన్నిటికన్నా ముఖ్యంగా, నోట్లో పెట్టిన చిన్న అద్దం బుగ్గకు అతుక్కుపోయింది. తడి ఉన్న నోట్లో అద్దం జారుతుంది. ఇది గుర్తుంచుకోండి, ఏ ముక్కు చెప్పలేని మాట అద్దం చెబుతుంది.

"నీళ్ళెన్ని తాగుతావు?" అన్నాను.

దానేసు భార్య వైపు చూశాడు. ఆమే చెప్పింది.

"తాగడు బాబూ. అయ్య పోనకాడి నుంచి మా ఊరి నీళ్ళంతే ఈనకి బయ్యం. క్యాను నీళ్ళు కొంతాం గాని, అయి పిల్లలికి అంతాడు. ఈనకి టీలూ, రంగు సోడాలూ. నోరెండిపోతే ఖైనీ నొక్కుకుంతాడు."

"బోటు మీదో?"

"బోటు మీద ఎలాగూ నీళ్ళు కొలతే కద బాబూ" అన్నాడు దానేసు. "అలవాటైపోనాది."

కిడ్నీలకు భయపడి నీళ్ళు మానేశాడు. నీళ్ళు మానేస్తే నోరు ఎండి కంపు కొట్టింది. కంపు కొడితే ఊరు కిడ్నీ అంది. ఊరికి ఆ మాట అందించింది నేను. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ గొలుసు నాకు కనిపించలేదు. మా వైపు కుర్చీ వేసుకుని కూర్చుంటే తప్ప కనపడదు కూడా.

నాలుగైదు విడతల్లో గార తీసి, చిగుళ్ళ కింద శుభ్రం చేశాను. నాలుకను వెనక నుంచి ముందుకు మెల్లగా గీరుకోవడం అద్దంలో చూపించి నేర్పాను. మనవాళ్ళు కొబ్బరి ఈనెతో గీరతారు గాని కొసన మాత్రమే గీసి వదిలేస్తారు. అసలు సరుకంతా వెనక గదిలో ఉంటుంది. ఖైనీ, సోడాలు మానమన్నాను. నీళ్ళ విషయం మాత్రం నా అంతట నేను చెప్పలేదు. రిపోర్టు ఒక కిడ్నీ డాక్టరుకు చూపించి, ఇతను బాగా తాగొచ్చని ఆయన అన్నాకే చెప్పాను. మీరు కూడా ఇక్కడ జాగ్రత్తపడండి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ నోళ్ళూ ఎండుతాయి, కాని వాళ్ళకు నీళ్ళు కొలిచి ఇస్తారు. నోటి కోసమని మనం బిందెలు తాగమంటే ప్రాణం మీదికి తెచ్చినవాళ్ళమవుతాం.

దానేసు క్యాను నీళ్ళు తాగడానికి ఎంతకీ ఒప్పుకోలేదు. "పిల్లలికి తగ్గిపోతాయి బాబూ" అన్నాడు.

"నువ్వు మంచం పడితే పిల్లలికి క్యాను ఎవులు కొంతారు, మా అన్న కొంతాడా?" అంది గున్నమ్మ. నా వైద్యమంతటిలోకీ బాగా పనిచేసిన మందు అదే.

ఆ రోజుల్లోనే తెర తీసేసి తలుపు పెట్టించాను.

కొన్ని వారాలకు వాసన పోయిందో లేదో నా ముక్కును అడగలేదు, దానికి ఆ అర్హత లేదు. గున్నమ్మను అడిగాను. ఆమె గోడ వైపు తిరిగి, "ఇప్పుడు ఇటుపక్కకే తిరిగి పడుకుంతన్నాను బాబూ" అంది. దానేసు చెవులు ఎర్రబడ్డాయి.

భావనపాడులో

నోరు బాగుపడింది, పేరు బాగుపడలేదు. రైలెక్కే రోజు దగ్గరపడుతోంది. అప్పలస్వామి మెత్తబడలేదు. పోగొట్టినవాణ్ణి నేనే కాబట్టి, గున్నమ్మా దానేసులతో కలిసి భావనపాడు వెళ్ళాను. రేవు దగ్గర టీకొట్టులో జట్టు కుర్రాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు అప్పలస్వామి.

"ఏటి డాట్రు బాబూ, సేపలకి పళ్ళు కట్టడానికొచ్చినావేటి?" అన్నాడు. కుర్రాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, బాగుంది మరి.

ఆ రోజు నేను తొందరపడ్డానని, దానేసు కిడ్నీలు బాగున్నాయని, వాసన నాలుకదీ చిగుళ్ళదీ అని, ఇప్పుడు అదీ లేదని చెప్పాను.

"ఆ దినం ఉందన్నావు, ఈ దినం నేదంతన్నావు. సముద్రం మీదికెల్లినాక మళ్ళీ ఉందంటావేమో, ఎవులికి తెలుసు?" లేచి నా ముఖంలో ముఖం పెట్టాడు. "పళ్ళు పీక్కునేవోడివి పళ్ళు పీక్కో. నా జట్టులో నువ్వు పీకేదేటి?"

మాట కన్నా ముందు గాలి తగిలింది. ఈసారి నా ముక్కు ఊరి పేరు అడగలేదు. ఒక అడుగు వెనక్కి వేశాను, అతను దాన్ని భయమనుకున్నాడు.

"నా మాట నమ్మొద్దు. నీ ముక్కునే నమ్ము" అని సంచిలోంచి ప్లాస్టిక్ స్పూన్లు తీశాను. నాలుక వెనకభాగం స్పూనుతో మెల్లగా గీరి, కాస్త ఆరనిచ్చి వాసన చూడడం ఒక పరీక్ష. మనలాంటి చిన్న ఊళ్ళలో యంత్రాల కన్నా అదే చేతికందుతుంది. "కాకపోతే ఒక్కటే చూస్తే ఎక్కువో తక్కువో తెలీదు. తక్కెడకి రెండోపక్క రాయి ఉండాలి కదా. మీ జట్టులో శుభ్రమైన నోరు ఎవరిదో వాళ్ళది ఇంకోటి తీద్దాం."

"నాదే తియ్యి!" అన్నాడు అప్పలస్వామి, తువ్వాలు భుజం మీదికి విసురుకుని. నాకు కావలసిందీ అదే.

ఇద్దరి నాలుకలూ చెరో స్పూనుతో గీరి, అవి ఆరేలోపు అతన్ని సముద్రం వైపు తిప్పి నిలబెట్టాం. గున్నమ్మ చేతికో స్పూను పట్టుకుంది. అతను వెనక్కి తిరిగి ఎడమచేతిలోది వాసన చూశాడు.

"దీనికేటీ నేదు. ఇది నాది."

కుడిచేతిలోది చూశాడు. తల దానంతటదే వెనక్కి వెళ్ళింది.

"ఛీ ఛీ! కుళ్ళిపోన సొర్రసేప నాగుంది. ఇదే దానేసుగాడిది. కిడ్నీలే, డౌటు నేదు. ఈ నోరున్నోడ్ని నా బోటెక్కనిత్తానేటి?"

గున్నమ్మ చాలా మెల్లగా అంది. "అన్నా, ఆ సెయ్యిది నీది."

వెనక నుంచి ఒక కుర్రాడు అన్నాడు. "అయితే బోటెవులు నడపాల మావా?"

టీకొట్టు కొట్టంతా నవ్వులో మునిగింది. నవ్వనివాళ్ళు ఇద్దరే, అప్పలస్వామి, దానేసు.

"ఇదంతా డాట్రు కనికట్టు. నానింకొకడికి మాటిచ్చేసినాను, ఎల్లండి!" అని అప్పలస్వామి పడవల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో ఆటోలో గున్నమ్మ, "నవ్వుకుంటే సాలా బాబూ? పని కానేదు" అంది. నిజమే. ఒకరి నోటి సంగతి నలుగురిలో పెట్టి దానేసును ముంచాను. రెండోసారీ నలుగురిలోనే పెట్టాను, ఈసారి అతని బావ నోటి సంగతి. పరీక్ష సరైనదే, చేసిన చోటే సరైనది కాదు. సిగ్గుపడ్డ మనిషి నిజాన్ని ఒప్పుకోడు, పట్టుదలను గట్టిగా పట్టుకుంటాడు. ఇది మీకు ఎవరూ నేర్పరు, అందుకే రాస్తున్నాను.

తలుపు వేసిన గది

మర్నాడు క్లినిక్ తెరవకముందే గుమ్మంలో అప్పలస్వామి నిలబడి ఉన్నాడు. నోటికి తువ్వాలు. అటూ ఇటూ చూసి లోపలికి వచ్చాడు.

"నాకేటీ నేదు. ఊరికే ఓపాలి సూసీ" అన్నాడు.

"తలుపు వేయనా?"

"ఎయ్యి, ఎయ్యి."

చూశాను. దానేసుకు ఉన్నవన్నీ ఇతనికీ ఉన్నాయి, కాస్త ఎక్కువగా. గొంతు తగ్గించి చెప్పాను. భయపడేది ఏమీ లేదని, శుభ్రం చేస్తే పోతుందని, వయసు పైబడుతోంది కాబట్టి షుగరూ కిడ్నీ ఒకసారి చూపించుకుంటే మంచిదని, అది నా ముక్కు చెప్పే మాట కాదని చెప్పాను. తల ఊపాడు. నోరు బార్లా తెరిపించి, బుగ్గల్లో దూది పెట్టి, ఉమ్మి లాగే పైపు తగిలించి పని మొదలుపెట్టాను.

కృష్ణవేణి తలుపు సందులోంచి తొంగి చూసి, గున్నమ్మ వచ్చిందని, అన్న కాశీబుగ్గ బస్సెక్కాడని ఆమెకు ఎవరో చెప్పారట అని అంది.

"మీ చెల్లెలొచ్చింది, లోపలికి రమ్మననా?" అని అప్పలస్వామిని అడిగాను. నోరు తెరిచి ఉన్న మనిషి చెప్పే అవునూ కాదూ ఒకేలా వినపడతాయి. నేను అవునే అనుకున్నాను. ఇలా చేయమని మీకు మాత్రం చెప్పను.

గున్నమ్మ స్టూలు లాక్కుని అన్న తల దగ్గర కూర్చుంది.

"పోనేడు బోటు మీద నీకు జొరమొచ్చినప్పుడు నీ పక్కన కూకున్నదెవులు? మాయన కాడా? నీ నోరెలాగుంతాదో ఆడికి తెల్దనుకున్నావా? ఆడికి ముక్కు నేదేటి? ఇన్నేళ్ళలో ఒక్కడికైనా సెప్పినాడా? నాకొక్కదానికే సెప్పి, నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు, బావ సిన్నబోతాడని. నువ్వేమో నలుగురిలో ఆడి నోరు కంపన్నావు."

అప్పలస్వామి కళ్ళు తిప్పి నా వైపు చూశాడు. పైపు తీస్తే జవాబు చెబుతాడు. కింది వరస అప్పటికే పూర్తయింది. అయినా మళ్ళీ మొదటి పంటి నుంచి మొదలుపెట్టాను. శుభ్రం చేసిన చోటు రెండోసారి చూసుకోవడం తప్పు కాదు, మాకు అలాగే నేర్పారు. ఇంత ఓపికగా చూసుకోమని మాత్రం నేర్పలేదు.

"మాటిచ్చేసేనంతన్నావు. ఎవులికిచ్చినావో పేరు సెప్పు" అంది గున్నమ్మ.

అప్పలస్వామి గొంతులో ఏదో గరగరలాడింది.

"పేరు నేదు కదా. నాకు తెలుసు. ఇప్పుడు సెప్పు, మాయన్ని తీసుకెల్తావా నేదా? నోరు కదపక్కర్నేదు. తలూపు."

అతను చాలాసేపు పైనున్న దీపం వైపు చూశాడు. కంటి కొసన తడి మెరిసింది. అది గార తీసే పరికరం వల్ల అయి ఉండదు, అక్కడ తియ్యడానికి గార లేదు. తరవాత తల నిలువుగా ఊపాడు.

"ఇంకోపాలి. డాట్రు బాబు సూడనేదు."

చూశాను. అయినా పైపు తియ్యలేదు. అప్పలస్వామి మళ్ళీ ఊపాడు.

అప్పుడు తీశాను పైపు.

"ఇక పుక్కిలించొచ్చు" అన్నాను.